బ్రెజిల్ గాయకుడికి నేను కప్పిన శాలువా

నవ్వకుండా వింటానంటేనే చెప్తా. మొన్న శనివారం నుంచి, ఆస్ట్రేలియాలో మేముండే ఈ డార్విన్ ఊళ్లో ఏ తెలుగువాడు ఎదురుపడినా, నన్ను చూసి నవ్వాపుకోలేక చస్తున్నాడు!

మా తెలుగు సంఘంలో కల్చరల్ సెక్రటరీ పోస్టు ఖాళీ అయింది. నాకేమో మూడేళ్లుగా దాని మీదే కన్ను. సరిగ్గా అప్పుడే బీచ్ పక్కన మ్యూజిక్ ఫెస్టివల్‌కి బ్రెజిల్ నుంచి ఒకాయన వస్తున్నాడని తెలిసింది. పాటలు తనే రాసుకుని తనే పాడతాడు. ఆర్నెల్లుగా నా కార్లో ఆయన ఆల్బమ్ తప్ప ఇంకోటి లేదు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, అయినా వింటే ప్రాణం లేచొస్తుంది!

"అంకుల్, సంఘం తరఫున ఆయనకి సన్మానం చేద్దాం. అంతా నేను చూసుకుంటా" అన్నాను ప్రెసిడెంట్ సుబ్బారావు అంకుల్‌తో.

"కానివ్వవోయ్. బాగా జరిగితే సెక్రటరీవి నువ్వే" అన్నారు. ఇంకేం!

ఫెస్టివల్ వాళ్లు ప్రోగ్రాంకి ముందు ఐదు నిమిషాలిచ్చారు. శాలువా, దండ పట్టుకుని స్టేజీ ఎక్కాను. గెడ్డం, గడ్డి టోపీతో ఒకాయన కూర్చుని గిటార్ శ్రుతి చేస్తున్నాడు. ఆల్బమ్ కవర్ మీద వెనక నుంచి కనబడేది అచ్చం ఆ టోపీయే. ముఖం ఎక్కడా వెయ్యలేదు, నా ఖర్మ! గబుక్కున శాలువా కప్పేశాను.

"నో నో మేట్, నేను కాదు" అన్నాడు.

ఎంత వినయం! మనవాళ్లలో మాత్రం, పిలవగానే ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి? అబ్బే నాకెందుకండీ అని వాళ్లనాలి, తమరు కాకపోతే ఇంకెవరండీ అని మనం బతిమాలాలి. దండ కూడా వేసేశాను. లేవబోతే భుజాలు పట్టుకుని కూర్చోబెట్టేశాను.

ఇక మైకందుకుని ఇంగ్లీషులో ఆయన చరిత్రంతా దంచేశా. "హోటళ్లలో, భోంచేసేవాళ్ల మధ్య పాడారు! మూడు ఆల్బమ్‌లు ఎవరూ వినలేదు. నాలుగోది వంటింట్లో కూర్చుని రికార్డ్ చేస్తే ఇంటింటికీ పాకింది!" పక్కన పూలచొక్కా వేసుకున్న సన్నటాయన ఒకటే చప్పట్లు.

పక్కవాళ్లెవరో చెప్పారు కాబోలు, ముందు వరసలోంచి మా ఆవిడ లలిత గొంతు చించుకుంది. "ఏమండీ! సింగర్ ఆ పూలచొక్కా ఆయనండీ!"

నా కాళ్ల కింద స్టేజీ కదిలిపోయింది. శాలువా కప్పించుకున్నాయన సౌండ్ చూసే గ్రెగ్! వెనక్కి తీసుకుందామని చూస్తే, కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఇన్నేళ్లుగా స్టేజీల మీద వైర్లు లాగుతున్నా మేట్, ఒక్కడూ థాంక్స్ చెప్పలేదు!" ఇంకేం అడుగుతాం? అసలు గాయకుడికి వట్టి చేతులతో దణ్ణం పెట్టి దిగొచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

నిన్న కమిటీ కూర్చుంది. "గ్రెగ్‌కి మైకు తెలుసు, స్టేజీ తెలుసు. పైగా మనమంటే ఎంత అభిమానమో చూడు!" అన్నారు అంకుల్. కల్చరల్ సెక్రటరీగా గ్రెగ్‌ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

నాకూ ఒక పోస్టిచ్చారు లెండి. ప్రతి ఆదివారం సెక్రటరీగారికి అఆలు దిద్దించాలట!