లైట్లు వేసేదాకా

మా అత్తగారు పడుచుతనంలో చాలా సినిమాలు చూశారు. ఒక్కదాని ముగింపు కూడా చూడలేదు.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. రాజమండ్రిలో పుట్టి పెరిగి, పెళ్ళయి భీమవరం వచ్చిన కొత్తలో నేనూ నమ్మలేదు. మా రాజుల ఇళ్ళలో అప్పట్లో ఆడవాళ్ళకు ఘోషా ఉండేది. పరాయి మగవాడి కంట పడకూడదు. గుమ్మం నుంచి కారు దాకా పనివాళ్ళు రెండు వైపులా దుప్పట్లు పట్టుకుంటే వీళ్ళు మధ్యలో నడిచేవారు. కారు అద్దాలకు తెరలు. సినిమా హాల్లో మేడమీద వీళ్ళకని ఒక గది, దానికీ తెర. హాల్లో లైట్లు ఆర్పాక లోపలికి తీసుకెళ్ళేవారు, మళ్ళీ లైట్లు వెయ్యకముందే లేవదీసి తెచ్చేసేవారు. అక్కడ కథ కొసకు వచ్చేసరికి ఈవిడ కార్లో ఉండేవారు.

ఆ కొస ఆవిడే కల్పించుకునేవారు. ఆవిడ చెప్పే సినిమా కథల్లో ఎంత దుర్మార్గుడైనా చివరికి మారిపోయేవాడు, తప్పిపోయిన వాళ్ళంతా దొరికేవారు, అందరూ కలిసి బంతి భోజనాలకు కూర్చునేవారు. మా ఆయన అవి వింటూ పెరిగారు. పెద్దయ్యాక అందులో ఒక సినిమా టీవీలో వస్తే చివరిదాకా చూసి, కథంతా పాడుచేశారని అలిగి అన్నం మానేశారట. ఇప్పటికీ ఆ మాటెత్తితే చాలు, చేపల చెరువుకు మేత వెయ్యాలని లేచి వెళ్ళిపోతారు.

ఘోషా పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆవిడ హాలు గడప తొక్కలేదు. మావయ్యగారు ఉన్నన్నాళ్ళూ అడగలేదు, ఆయన పోయాక బుద్ధి పుట్టలేదు. ఈమధ్య కంటిచూపు మందగించింది. పోయిన చూపు రాదు, ఉన్నదైనా ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. టీవీలో మనుషులు కంటికి ఆనడం మానేశారు. అప్పుడు నోరు తెరిచి అడిగారు.

"ఒక్క సినిమా హాల్లో చూడాలనుందండి. పెద్ద తెర కదా, రంగులైనా తెలుస్తాయి. లైట్లు వేసేదాకా కూర్చోవాలండి."

మా ఇళ్ళలో పసిపిల్లల్ని కూడా 'అండి' అనే పిలుస్తారు. మా అత్తగారైతే పిల్లిని కూడా 'మీరు' అని మన్నిస్తారు. అటువంటి మనిషి నన్ను బతిమాలినట్టు అడిగితే నాకు ముందు కోపం వచ్చింది. నాకు ఏం వచ్చినా ముందు కోపమే వస్తుంది. ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదని ఆవిడ మీద, నాకై నాకు ఎందుకు తట్టలేదని నా మీద.

ఏ సినిమా అంటే, ఎక్కడో మంచు దేశపు రాణి కథ కావాలన్నారు. తెలుగులోకి మార్చిన బొమ్మ అది. అంతకుముందు ఆదివారం నేను పనిచేసే కాలేజీ వాళ్ళతో వెళ్ళి చూసొచ్చి, భోజనాల దగ్గర నేనే ఊరించి ఊరించి చెప్పాను. పదహారేళ్ళ పిల్లను రాణిని చేసి ఒక పెద్ద కోటలో కూర్చోబెడతారు. రాణి సంతోషంగా ఉంటే గోడలు గులాబీ రంగులో, దిగులుగా ఉంటే నీలంగా ఉంటాయి. కొలువులో వాళ్ళంతా ఒకే అడుగు వేస్తూ నడుస్తారు. ఇదంతా చెప్పాను, చివరిది మాత్రం చెప్పలేదు. చివర రాణిగారి పసిబిడ్డ పోతుంది.

మా అత్తగారికి పదిహేడో ఏట తొలిచూలు ఆడపిల్ల పుట్టి పదకొండో రోజున పోయింది. ఆ సంగతి మా ఆయన చెబితే తెలిసింది తప్ప ఆవిడ ఏనాడూ ఎత్తలేదు.

వేరే సినిమాకు వెళ్దామంటే వినలేదు. శుక్రవారం కొత్త బొమ్మ వచ్చేస్తుంది. గురువారం సగం రోజు సెలవు పెట్టి మ్యాట్నీకి తీసుకెళ్ళాను. సమయానికి ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాను.

హాలు సగానికి పైగా నిండింది. తెర మీద గులాబీ రంగు పరుచుకోగానే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆ తెల్లగా కదిలేది హంసాండీ?"

"రాణిగారండి. అది గౌను."

"అంత గౌను వేసుకుని ఎలా కూర్చుంటారండీ పాపం?"

తరవాత నేను చెప్పడం తగ్గింది, ఆవిడ చెప్పడం మొదలైంది. తన కాపురం సంగతులు, చెవిలో, గుసగుసగా. మొగల్తూరు నుంచి పదిహేనో ఏట ఈ ఇంటికి వచ్చిన రోజున ఎన్ని గదులు దాటినా తన గది రాలేదట. గట్టిగా నవ్వకూడదని అత్తగారు పెదవుల మీద వేలు పెట్టి చూపించారట. తెర సందులోంచి బజారు చూస్తే మనుషుల మొహాలు కాక చీరల అంచులే కనిపించేవట. తెర మీద ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది. బయట మంచు కురుస్తోంది. కాసేపటికి ఎవరి కోటలో ఉన్నానో నాకే తెలియలేదు. ఆ చీకట్లో అలా ఎంతసేపైనా కూర్చోవచ్చనిపించింది. అంత హాయిగా నేను ఎప్పుడూ ఏ సినిమా చూడలేదు.

గోడలు నీలంగా మారడం మొదలైంది. ఇక పావుగంటే ఉంది.

"పదండి అత్తయ్యగారూ. అయిపోవచ్చింది. జనం తోసుకుంటారు, ముందే వెళ్ళిపోదాం."

ఆవిడ ఎందుకని అడగలేదు, వెంటనే లేచారు. లేవమంటే లేవడం అంతగా అలవాటైపోయింది ఆ ఒంటికి. నా భుజం మీద చెయ్యి వేసి మూడు మెట్లు దిగారు. అప్పుడు వెనక తెర మీద పసిబిడ్డ ఏడుపు ఆగిపోయింది. ఆవిడా ఆగిపోయారు.

"పోయిందాండీ?"

నేను ఇంకో మెట్టు దింపబోతే ఆవిడ కదల్లేదు.

"మీకు ముందే తెలుసు కదమ్మా."

"తెలుసండి."

"మా దాన్నీ పోయాక నాకు చూపించలేదండి. పచ్చి బాలింతరాలు, బెంగ పెట్టుకుంటుందని అటునుంచి అటే తీసుకెళ్ళిపోయారు. నా మంచికేనన్నారు." నావైపు తిరిగారు. "మీరు కూడానా అమ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. వెనక నుంచి ఎవరో "అడ్డమండీ, కూర్చోండమ్మా" అని అరిచారు. పక్కనే ఖాళీగా ఉన్న రెండు సీట్లలో కూర్చున్నాం.

తెర మీద రాణి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఊరికే ఉండిపోయింది. ఎవరూ తీసుకుపోలేదు, తొందర పెట్టలేదు. ఆదివారం నాడు ఈ భాగం సాగదీశాడని విసుక్కున్నది నేనే. మా అత్తగారు కదలకుండా చూశారు. కళ్ళు ధారలు కడుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకునేలోగా ఏదైనా దాటిపోతుందేమోనన్నట్టు. "తనివితీరా చూసుకుందండి," అన్నారొకసారి, అంతే.

పేర్లు పడ్డాయి. లైట్లు వెలిగాయి.

ఆవిడ గబుక్కున పమిట నెత్తిమీదికి లాక్కోబోయి, చెయ్యి దించేశారు. నిటారుగా, మొహం ఎత్తి కూర్చున్నారు. జనం లేస్తున్నారు. కొందరు కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటున్నారు. కొందరు ఫోన్లు చూసుకుంటూ నడుస్తున్నారు. ఒకాయన "కొంచెం కాళ్ళు తియ్యండమ్మా" అని దాటుకుని పోయాడు. హాలు ఖాళీ అయ్యేదాకా ఆవిడ అలాగే ఉన్నారు.

"ఒక్కరూ నావైపు చూసినట్టు లేదేంటండీ?"

"ఎవరి గొడవ వాళ్ళదండి."

ఆవిడ ఖాళీ కుర్చీల వైపు చూశారు.

"మరి అన్నాళ్ళూ నన్ను ఎవరికి కనపడకుండా దాచినట్టండీ?"