పెళ్లి ఉంగరం గీసిన గీత

మొన్న మహానంది పోయి వచ్చిన మా కోడలు, ఎప్పుడూ లేనిది, కారును ఎడమపక్క గోడకు దాదాపు ఆనించి నిలిపి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టినవాణ్ణి, కారును ఎవరైనా అలా ఎందుకు నిలుపుతారో నాకు వేరే చెప్పాలా? సందులోకి దూరి చూస్తే తలుపు మీద కంపచెట్లు గీరిన గీతలు. అడిగితే, మా వాడికి ఇంకా చెప్పలేదంది; షోరూముకు ఫోటో పంపితే తలుపంతా కొత్తగా రంగు వేయాలన్నారట. నేను కళ్లు మూసుకుని, ఆ గీతలకు అడ్డంగా బొటనవేలి గోరు నడిపాను. అలా చూడడం మా మామ నేర్పిన విద్య.

మామ అంటే మేనమామ కాదు. కర్నూలులో మా పక్క సందులో కార్లకు రంగులు వేసే సాయిబు. మా అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది కనుక మాకు మామ అయ్యాడు. ఆ రోజుల్లో పిలుపుతోనే చుట్టరికం కలిసేది, ఆయన ముక్కోపాన్ని కూడా చుట్టాల ముక్కోపంలాగే భరించేవాళ్లం.

నాకప్పుడు కొత్తగా పెళ్లయింది. ఒక ప్లీడరు గారి దగ్గర డ్రైవరుగా చేరి రెండు నెలలు. అయ్యగారిది నల్ల కారు. నలుపు సంగతి మా వయసు వాళ్లకు తెలుసు, కడిగితే అద్దం, గాలి వీస్తే గోనెసంచి. నాకు ముందున్న డ్రైవరు ఏదో సొట్ట దాచాడని అయ్యగారు అతణ్ణి ఒక్క పూటలో ఇంటికి పంపేశారు. ఆయన హైదరాబాదు పోయి ఉండగా ఆయుధపూజ వచ్చింది. బానెట్ మీద విభూతి పట్టీలు దిద్ది, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, మరునాడు పొద్దున ఎండిన ఆ విభూతిని, దాని మీద వాలిన దుమ్ముతో సహా, పొడి తువ్వాలుతో, ఇత్తడి చెంబు తోమినంత భక్తిగా తోమాను. ఎండలోకి తెచ్చి చూస్తే బానెట్ నిండా సాలెగూడులాంటి సన్న గీతలు. వాటి నడుమ జానెడు పొడుగున లోతైనది ఒకటి, అది నా పెళ్లి ఉంగరం చేసిన పని. తెల్లారితే అయ్యగారిని రైలు దగ్గర ఎక్కించుకోవాలి. ఇక కొలువు పోయినట్టే.

కారు మామ దగ్గరికి తోలాను. "పొడిగుడ్డతో తుడుస్తారేమప్పా? అది దుమ్మనుకుంటివా, ఆకురాయనుకుంటివా?" అని కడుపునిండా తిట్టాకనే లేచాడు. బండిని నీడకు పెట్టించి, రెండుసార్లు నీళ్లతో కడిగి, కళ్లు మూసుకుని గోరు నడిపాడు. కన్ను గీతను పెద్దది చేసి చూపిస్తుందట, గోరు ఉన్నదున్నట్టు చెబుతుందట, గోరుకు తగిలిన గీత రుద్దితే పోదట. తరువాత అత్త పాత చీర ముక్కకు రబ్బింగ్ పేస్టు అద్ది, సుడులు తిప్పకుండా, నిలువుగా, పసిబిడ్డ వీపు నిమిరినట్టు రుద్దసాగాడు. గట్టిగా రుద్దమని నేను తొందరపెడితే, నల్లబడిన గుడ్డను నా మొహం ముందు ఆడించాడు.

"ఈ నలుపు మీ కారుదే. గీత యాడికీ పోదప్పా. దాని చుట్టూ ఉండే రంగును దాని లోతుకు దించుతాండా, అంతే."

మధ్యాహ్నానికి సాలెగూడు మాయమై, బానెట్‌లో మామ గడ్డం కనబడింది. అటువంటి చేతిని నేను మళ్లీ చూడలేదు. కానీ ఉంగరం గీతను ముట్టలేదు. దాని మీద కాస్త నల్లరంగు పూయమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"దీని లోతుకు దించితే రేకు బయటపడ్తాది. పూసి దాస్తే ఎండలకు పెచ్చు లేస్తాది. ఇది నాతో కాదు. మీ అయ్యకు నువ్వే చెప్పుకో."

ఆ క్షణాన ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. రాత్రంతా అబద్ధాలు అల్లుకున్నాను కూడా. అయినా స్టేషనులో అయ్యగారు కారెక్కకముందే, పోయిన గీతల సంగతితో సహా మొత్తం చెప్పేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, వంగి, గీతను ఒకసారి, నా ఉంగరాన్ని ఒకసారి చూసి, "బండి తియ్యప్పా" అన్నారు. ఆ తరువాత ఇరవై రెండేళ్లు ఆయన బండే తోలాను. ఉద్యోగం నిలిచిన శుభవార్త ఆ రోజే చెబుదామని పరుగున పోతే మామ కొలువు ఊసే ఎత్తలేదు. "ఈ పొద్దు నీళ్లు పోసినాకనే తుడిసినావా?" అని మాత్రం అడిగాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు రంగులు కంప్యూటర్లు కలుపుతున్నాయి, బాగానే కలుపుతున్నాయి, వాటిని తప్పుపట్టను. కానీ ఏది పోతుందో, ఏది పోదో గోటితో చూసి, పోనిదాన్ని పోదని మొహం మీదే చెప్పే మనిషి నాకు కనబడడం లేదు. కోడలి కారు గీతలు రెండు పూటల్లో తీశాను. పిడి కింద ఒకటి గోరుకు తగిలింది. దాన్ని వదిలేసి, మామ నాతో అన్న మాటే ఆమెతో అన్నాను. సాయంత్రం మా వాడు చెప్పులు విడవకముందే ఆమె వాడికి చెప్పేసింది. ఇప్పుడు కారును గోడకు దూరంగా నిలుపుతోంది. రోజూ పొద్దున నేనే నీళ్లు పోసి కడిగి తుడుస్తున్నాను. నీళ్లు పోశాకనే తుడిచావా అని అడిగేవాళ్లు మాత్రం లేరు.