చప్పుడు పోయిన తలుపు

వీధిలో అందరికీ ఆమె బొత్తాల పిన్ని. చొక్కా బొత్తాం ఊడిందని ఎవరొచ్చినా పైసా పుచ్చుకోకుండా కుట్టి పంపేది, అందుకని ఆ పేరు. ఎవరికీ జడిసే మనిషి కాదు. అలాంటిది, భర్త పోయాక వెనక గది తలుపు ముట్టుకోలేదంటే ఎవరు నమ్ముతారు? ఆయన కన్నుమూసింది ఆ గదిలోనే. గాలికి తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఈమెకు పైప్రాణాలు పైనే పోయేవి. చివరికి ఇల్లు అమ్మేద్దామనుకుంది. కొనేవాళ్లు కూడా దొరికారు.

సరిగ్గా అప్పుడే ఓ కుర్ర డైరెక్టరమ్మ నలుగురు స్నేహితులను వెంటేసుకుని వచ్చింది, దయ్యం సినిమాకు ఇల్లు అద్దెకిమ్మని.

“దయ్యం ఎలా ఉంటుందమ్మా?” అని అడిగింది పిన్ని.

“కనిపించదు పిన్నిగారూ. తలుపు మెల్లగా తెరుచుకుంటుంది, అంతే.”

“అంతేనా? దీనికి టికెట్ కూడానా?”

షూటింగ్ రోజు పొద్దున్నే, పదిమంది ముందు తలుపు అలా మూలుగుతుంటే పరువేం కాను అనుకుని, కుట్టుమిషన్ నూనె పట్టుకెళ్లి, గుండె చిక్కబట్టుకుని మడతబందులకు పోసి పరుగెత్తుకొచ్చింది. తీరా ఆ కిర్రు కోసమే వాళ్లు ఈ ఇల్లు ఎంచుకున్నారట. పిన్ని ముఖం మాడిపోయింది. డైరెక్టరమ్మ మాత్రం తలుపును మళ్లీ మళ్లీ తోసి చూసి, “చప్పుడు లేకపోతేనే ఎక్కువ భయంగా ఉంది, ఉండనివ్వండి,” అంది. ఎంత మంచి పిల్లో.

సినిమా వచ్చాక చెల్లెలి కూతురు ఆమెను హాలుకు లాక్కెళ్లింది. తెర మీద తన తలుపే, చడీచప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపలంతా చీకటి. పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. కానీ ఎంతసేపని? ఆ సీను అయితే కదా. విసుగొచ్చి కళ్లు తెరిచింది. చూడగా చూడగా చీకట్లో కిటికీ తెలిసింది, మంచం తెలిసింది, ఆయన చొక్కా తగిలించే మేకు తెలిసింది. ఇంకేమీ లేదు. బతికున్నాళ్లూ పల్లెత్తు మాట అనని మనిషి, పోయాక నన్ను భయపెడతాడా అనుకుంది. కళ్లనీళ్లు ధారగా కారాయి.

“భయమేసిందా పిన్నిగారూ?” బయట ఎదురొచ్చి అడిగింది డైరెక్టరమ్మ.

“వేసి, పోయింది తల్లీ. నీ సినిమా అంత నెమ్మదిగా నడవబట్టి కళ్లు తెరిచాను. నీ మేలు మరిచిపోలేను. చల్లగా ఉండు.”

ఇల్లు అమ్మలేదు. కుట్టుమిషన్ ఇప్పుడు వెనక గదిలో, ఆయన మంచం పక్కనే ఉంది. గాలికి తలుపు కదిలినప్పుడు పిన్ని పని ఆపి అటు చూస్తుంది. కాస్త కిర్రుమన్నా బాగుండేది, ఆయన వచ్చినట్టుండేది అంటుంది.