చీల్చి చూడని గడ

చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ విత్తనపు చెరుకును చీల్చి చూడకుండా నేను ఏ రైతు పొలానికీ పంపలేదు. ఎర్రకుళ్లు తెగులు పైకి కనబడదు. గడ బరువుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నిలువునా చీలిస్తేనే లోపలి ఎరుపు, పులిసిన వాసన బయటపడతాయి. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో నాతో తిరిగిన సహోద్యోగి మాత్రం అంత ఓపిక పట్టేవాడు కాదు. ‘పైతొక్క చూసి సరే అనే మనిషి’ అని ఆయన గురించి ఆ రోజుల్లోనే డైరీలో రాసుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక, రిటైరై నిజామాబాద్‌లో ఉంటూ పాత డైరీలను కంప్యూటర్‌లో టైపు చేసుకునేవాణ్ణి. సంగతి తెలిసి ఆయన ఒక పెళ్లిలో అడిగాడు.

“నా గురించి ఏం రాసినవన్నా?”

నవ్వి మాట మార్చాను. ఆయన నవ్వలేదు.

కొన్నాళ్లకు ఆయన దగ్గర నుంచి ఒక మెయిల్ వచ్చింది. కుశల ప్రశ్న లేదు, సంతకం లేదు. కొత్త చెరుకు రకాల పేరుతో ఒక పీడీఎఫ్ ఫైలు, అంతే. తెరిచాను. పీడీఎఫ్‌లు చూపించే సాఫ్ట్‌వేర్ ఒక్కసారి మెరిసి దానంతటదే మూసుకుపోయింది. ఆ తరువాత నేను చేయి పెట్టకపోయినా మోడెం దీపం మిణుకుమంటూనే ఉంది. ఇంటర్నెట్ వచ్చే ఫోన్ తీగ పీకేశాను. డైరీలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

బస్టాండ్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఆయన డబ్బా విప్పకుండానే కాసేపు చూసి పెదవి విరిచాడు.

“ఫైల్ల ఏదో పెట్టి పంపిండ్రు సార్. పంపినోనికే తెల్వకుంట గూడ పోతయి ఇసొంటివి. మీ సాఫ్ట్‌వేర్ పాతది, దాంట్ల సందు ఉన్నది. గా సందుల నుంచి లోపలికి జొర్రింది.”

“నేను చదవడానికి తెరిచానంతే కదా?”

“అందరు గట్లనే అంటరు. కాయితం సదివితే ఏమైతది అని.”

“నా డైరీలు బయటికి పోయాయా?”

“తలుపు తీసున్నదని సెప్తగని, ఎవరొచ్చి ఏం సూసిండ్రో నేనెట్ల సెప్త సార్?”

మర్నాడు బోధన్ బస్సెక్కాను. నన్ను చూడగానే సహోద్యోగి నెత్తి కొట్టుకున్నాడు.

“నీకు గూడ వచ్చిందా? నేను పంపలేదన్నా. నా మిషినే ఖరాబైంది. అడ్రస్ ఉన్నోళ్లందరికి అదే పంపుతున్నదట. మా వియ్యంకుడు పొద్దుగాల ఫోన్ల తిట్టిండు.”

అబద్ధంలా లేదు. బాగుచేసే ఆయన కూడా ఇలా జరుగుతుందనే చెప్పాడు. నా మనసు కుదుటపడుతుండగా, సహోద్యోగి చాయ్ అందిస్తూ కన్ను గీటాడు.

“అయినా గడ సీల్వకుంట ముట్టనోనివి, నువ్వెట్ల మోసపోయినవే? పైతొక్క సూసి సరే అన్నవా?”

కప్పు కింద పెట్టేశాను. మా ఉద్యోగం చేసినవాడెవడైనా అనగలిగే మాటే అది. నేను రాసుకున్న మాట కూడా అదే. ఆయన ముఖంలోకి చూశాను. సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు.

“ఏందన్నా, గట్ల సూస్తున్నవ్? తాగు.”

ఇంటికి వచ్చి కంప్యూటర్‌లోని డైరీలన్నీ తీసేశాను. ఆయన అన్న మాటను కాగితం మీద, కలంతో రాసుకున్నాను. అది ఆయన సొంత మాటో, నా దగ్గర చదివిన మాటో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ తరువాత ఎన్నోసార్లు కలిశాం. ఒక్కసారీ అడగలేకపోయాను. అడిగితే, ఏం రాశానో నేనే చెప్పాల్సి వచ్చేది.