మూడు వందలమంది లేవీయులు తక్కువ

1978లో ఒక ఆదివారం, టాటానగర్ బర్మామైన్స్‌లోని మా చిన్న తెలుగు ప్రార్థన మందిరంలో మూడు వందలమంది లేవీయులు తప్పిపోయారు. బెంచీల కింద కూడా లేరు.

ఆ సంగతి కనిపెట్టినవాడు వరహాలు. అక్కడి రైల్వే యార్డులో వ్యాగన్ల నంబర్లు రాసుకునే ఉద్యోగి. ఒక్క వ్యాగన్ తగ్గినా, అది దొరికేదాకా అన్నం ముట్టడు. బైబిలు పాఠం చదవనివ్వమని ఏడాదిగా బతిమాలుతుంటే, పాస్టరు సుందరంగారు ఆ రోజు సరేనని సంఖ్యాకాండం మూడో అధ్యాయం ఇచ్చారు.

దేవుని గుడారంలో సేవచేసే లేవీయుల లెక్క అది. మూడు వంశాలు: ఏడు వేల ఐదు వందలు, ఎనిమిది వేల ఆరు వందలు, ఆరు వేల రెండు వందలు. "మొత్తం ఇరవై రెండు వేలు" అని చదివి వరహాలు ఆగాడు. చెవి మీది పెన్సిలు తీసి బైబిలు అంచున కూడిక వేశాడు.

"అయ్యగారూ, మూడొందలమంది తగ్గినారండి. ఈల్లు ఎటెల్లిపోనారు?"

"మోషే సుమారుగా రాశాడయ్యా, ముందుకు పద!"

"సుమారుగా రాత్తే మా యార్డు మాస్టరే ఊరుకోడండి."

మళ్ళీ మొదటినుంచి కూడాడు. నేను హార్మోనియం మీద వేళ్ళుంచి పావుగంట కూర్చున్నాను. ఆ నిశ్శబ్దంలో నా కడుపు రెండుసార్లు గట్టిగా ఆమెన్ అంది.

"ఏనాడో పోయినవాళ్ళ కోసం ఇంతమందిని ఆకలితో కూర్చోబెడతావా? ఇంకెప్పుడూ నీకు పాఠం ఇవ్వను!" అన్నారు పాస్టరుగారు.

వరహాలు ముఖం చిన్నబోయింది. పుస్తకం మాత్రం మూయలేదు.

"ఒక్క గొర్రె తప్పిపోతే తొంబైతొమ్మిదింటిని ఒగ్గీసి ఎతకడానికెల్లిన మన ప్రభువు, మూడొందలమందిని ఒగ్గీమంతాడేటండి?"