కొండ మీద పలికిన నా గొంతు

మా ఊళ్లో రొయ్యల గుంటల కాపలావాళ్లు దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అదీ సిగ్గుపడుతూనే.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరి పల్లె. నేను చేసే పని మాత్రం జిల్లాకు ఆ చివర, వెలిగొండల్లో. ఎత్తు పెరిగేకొద్దీ చెట్లు ఎలా మారుతున్నాయో, ఏ పిట్టలు, ఏ కప్పలు ఎక్కడిదాకా బతుకుతున్నాయో చూస్తాం. అందుకోసం వాగుల పక్కన చెట్లకు చిన్న రికార్డర్లు కట్టి వస్తాం. కొన్ని వారాలయ్యాక తెచ్చి, నెల్లూరు ఆఫీసులో కూర్చుని వింటాం.

పోయిన వానల తర్వాత అలా వింటుండగా, అన్నిటికంటే ఎత్తున కట్టిన రికార్డర్లో, ఒక మధ్యాహ్నం పూట, పిట్టల కూతల మధ్య ఒక ఆడగొంతు వినిపించింది.

"వస్తుండా మా! గట్టు పట్టుకో, వదలబాక!"

అది నా గొంతు.

నాతో కలిసి పనిచేసే రమణన్న పక్కనే ఉన్నాడు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. పెద్దగా నవ్వాడు.

"నువ్వేగా? ఇంట్లో ఇలా మాట్లాడతావన్నమాట! అయినా కొండ మీద గట్టెక్కడిది తల్లీ?"

నా చెవులు వేడెక్కాయి. వదలొద్దు అనడానికి వదలబాక అనే మా ఊరి యాస, ఆఫీసులో నేను బయటపడనివ్వను. "కట్టెలకొచ్చిన వాళ్లెవరో అయ్యుంటారు" అన్నాను.

ఆయన తేదీ చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఇదే ఆఫీసులో మీటింగులో ఉన్నాం. నా పక్క కుర్చీలోనే ఆయన. రికార్డరు గడియారం తప్పేమో అనుకున్నాం. కానీ ఆ సాయంత్రం పడిన వాన, కింది రికార్డర్లలోనూ అందులోనూ ఒకే సమయానికి మొదలైంది. గడియారం సరిగ్గానే ఉంది. మనుషుల మాటలు లెక్కలోకి తీసుకోకూడదన్నది మా పద్ధతి. ఆ ముక్క పక్కన పెట్టేశాం.

తర్వాతి సెలవుకు ఇంటికెళ్లాను. అమ్మ కాలికి కట్టు ఉంది. ఫోన్లో ఎవరూ చెప్పలేదు.

"చెప్తే పని వదిలేసి పరిగెత్తుకొస్తావని చెప్పలా" అంది అమ్మ.

గేదెకు గడ్డి కోస్తూ ఉప్పుకాలువలోకి జారిందట. బురదలో కాలు మెలిపడింది. సముద్రం పోటు మీదుంది, కాలువలో నీళ్లు నడుము దాటాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు. భయంలో నన్నే పిలిచిందట.

"నువ్వు పలికినావు గదా పాపా! సరుగుడు తోపులోంచి. వస్తుండా మా, గట్టు పట్టుకో, వదలబాక అన్నావు. ఆ మాట మీదే గడ్డి దుబ్బు పట్టుకొని ఉండా. గుంటల కాడి మనుషులొచ్చి లాగినారు."

ఏ రోజని అడిగాను. అదే రోజు. అదే మధ్యాహ్నం.

"నేను నెల్లూరులో ఆఫీసులో ఉండా మా. నేను పలకలేదు."

అమ్మ నవ్వింది. "నీ గొంతు నాకు తెలీదా మే?"

ఆ రికార్డింగు ఆమెకు వినిపించలేదు. వినిపిస్తే ఆమె నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. కొండ మీద పలికింది ఎవరో, ఇక్కడ ఆమె విన్నది ఏమిటో నాకు తెలియదు. రమణన్నకు అమ్మ సంగతి చెప్పాను. ఆయన టీ తాగుదాం రమ్మన్నాడు.

అమ్మ మాత్రం ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు నేను వీధిలోకి వెళితే ఆడవాళ్లు ఆపి మరీ చేతులు పట్టుకుంటారు. "కూతురంటే నువ్వే మే, అంత దూరాన్నించి అమ్మను కాపాడుకున్నావు" అంటారు. నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

ఆ గంటలో నేనేం చేస్తున్నానో నాకు బాగా గుర్తుంది. మీటింగులో ఎవరో ఏదో జోకు వేశారు. అందరితోపాటు నేనూ నవ్వుతున్నాను.

మొన్న అమ్మ నాచేత తల దువ్వించుకుంటూ అడిగింది, "అంత దూరానికి నా పిలుపు ఎట్టా వినపడిందే నీకు?"

దువ్వెన ఆగిపోయింది. ఆ రోజు నాకేమీ వినపడలేదు.