వెనక్కి తీసుకున్న ‘నువ్వు’

రోస్విథా క్రెచ్మర్ మా ఊరికి పదకొండేళ్లు మేయరుగా పనిచేసింది. జర్మనీలోని సాక్సనీ రాష్ట్రంలో మా ఊరివంటి చిన్న ఊళ్లలో అది జీతం లేని పదవి. బతుకుతెరువుకు ఆమె పక్క పట్టణంలో కళ్లజోళ్లు అమ్మేది. ఈ వసంతంలో ఆమె మళ్లీ నిలబడుతుందా లేదా అన్నదే ప్రశ్న. నిలబడకపోతే పోటీలో మిగిలేది జాతీయవాద పార్టీ మనిషి ఒక్కడే.

న్యాయంగా చెప్పాలంటే, ఆ పార్టీ వాళ్ల కోపం ఊరికే పుట్టలేదు. బడి మూతపడింది, డాక్టరు వెళ్లిపోయాడు, బస్సు రోజుకు రెండుసార్లే వస్తుంది. వీటిలో ఏదీ సిరియా నుంచి శరణు కోరి వచ్చిన కుటుంబం చేసినది కాదు. అయినా ఖాళీ బడిలో వాళ్లకు రెండు గదులు ఇవ్వడానికి రోస్విథా ఒప్పుకోగానే నేరమంతా ఆమెదే అయింది.

ఊరి అగ్నిమాపక దళం నాయకుడు ఫోల్క్‌మార్ సభలో లేచి, "మేయర్ గారూ, మీరు ఎవరినడిగి ఇచ్చారండీ?" అన్నాడు. నలభై ఏళ్లుగా ఆమెను నువ్వు అంటున్నవాడు. సభామర్యాద కాబోలనుకుని ఆమె నవ్వి ఊరుకుంది. బయట సైకిలు తాళం తీస్తూ, "ఏంటి ఫోల్క్‌మార్, లోపల అంత మన్నన చేశావు?" అని అడిగింది.

"ఇక్కడా అంతే. మీరు ఇంటికెళ్లండి."

మాలో చనువుకొద్దీ ఒకసారి ఇచ్చిన ‘నువ్వు’ను వెనక్కి తీసుకోవడమంటే ముఖం మీద తలుపు వేయడమే. నెల తిరిగేసరికి బేకరీలోనూ, చర్చి పాటల బృందంలోనూ ఆమె ‘మీరు’ అయిపోయింది. ఎవరూ తిట్టలేదు, బెదిరించలేదు. పోలీసులకు చెప్పుకోవడానికి అందులో ఏముంది?

నామినేషన్ల గడువు రోజున, ఎన్నికల అధికారిగా ఆరింటి దాకా కూర్చోవడం నా పని. ఆరు కావస్తుండగా రోస్విథా వచ్చింది. దరఖాస్తు నింపి తెచ్చింది గాని బల్ల మీద పెట్టలేదు.

"రాళ్లేస్తే ఓర్చుకునేదాన్ని, గొట్‌హోల్డ్," అంది. "పొద్దున్నే రొట్టె కొనుక్కునే చోట రోజూ పరాయిదాన్నవడం నావల్ల కావట్లేదు."

నిలబడమని చెప్పే హక్కు అధికారిగా నాకు లేదు. ముప్పై ఏళ్ల స్నేహితుడిగా చెప్పి ఉండవలసింది. నేను గడియారం చూసి, "ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, రోస్విథా," అని మాత్రం అన్నాను.

ఆమె కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆరు కొట్టాక జాబితాలో ఒక్క పేరే రాసి గది మూశాను. ఏ నియమమూ తప్పలేదు.